గుడ్డ కింద మోకాళ్లు

మా హాల్లో సోఫా పైన, సగం గోడ ఆక్రమించి, ఒక బిడ్డ ఫోటో వేలాడుతూ ఉండేది. చెవులున్న ఉన్ని టోపీ పెట్టుకుని, చుట్టిన గుడ్డలోంచి మొహం ఒక్కటే బయటపెట్టి, నిద్రలో నవ్వుతున్న బిడ్డ. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని కింద నిలబడి "అచ్చం తాతగారి ముక్కే" అనేవారు. మా మామగారు ప్రతిసారీ తన ముక్కు ఒకసారి తడుముకుని, ఉందని తేల్చుకుని, కుర్చీలో వెనక్కి వాలేవారు. ఆ బిడ్డ మా బిడ్డ కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నా మాట ఎవరూ వినలేదు. ఎందుకు వింటారు? నేను బాలింతని, నిద్రలేనిదాన్ని, పైగా కోడల్ని.

మొదటినుంచీ చెప్తాను.

మా బుడ్డదానికి ఎడమ కనుబొమ్మ పైనుంచి జుట్టు మొదలయ్యేదాకా ఎర్రటి పుట్టుమచ్చ ఉంది. ఎవరో బొటనవేలు రంగులో ముంచి పైకి రాసినట్టు ఉంటుంది. ఏడుపు రాబోతుంటే ముందు అది ఎర్రబడుతుంది. కడుపు నిండి మత్తెక్కితే గులాబీ రంగులోకి దిగుతుంది. దాని కోపమైనా, ఆకలైనా నాకు ముందుగా ఆ మచ్చలోనే తెలుస్తుంది. దానివల్ల ఏ ఇబ్బందీ లేదని, పెద్దయ్యాక పలచబడితే పడొచ్చు, లేకపోతే లేదని డాక్టరమ్మ చెప్పింది. నాకు అంతటితో ఆ విషయం అయిపోయింది.

మా అత్తగారికి అప్పుడే మొదలైంది. ఆస్పత్రిలో బిడ్డని చేతికివ్వగానే "అయ్యో, ఆడపిల్ల మొహం మీదా!" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, "మా వైపు ఎవరికీ లేదే" అన్నారు, నా వైపు చూస్తూ. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి బిడ్డకి టోపీ. కనుబొమ్మల దాకా లాగిన టోపీ. ఎందుకండీ అంటే ఫ్యాన్ గాలి అన్నారు. ఫ్యాన్ ఆపితే కిటికీ గాలి. కిటికీ మూస్తే ఏదో ఒక గాలి ఉండనే ఉంటుందట. బిడ్డ నుదురంతా చెమటపొక్కులు వస్తే నేను టోపీ తీసేదాన్ని. నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి అది మళ్లీ నెత్తిమీద ఉండేది.

మా ఆయనతో చెప్పాను. భార్యకీ తల్లికీ మధ్య నలగకుండా బతకడం ఒక కళ అనుకుంటే, మా ఆయన గొప్ప కళాకారుడు. "అమ్మ పెద్దావిడ కదా" అన్నాడు. మర్నాడు అత్తగారితో "అది చిన్నది కదా" అంటుంటే నా చెవులారా విన్నాను.

ఇంతలో అత్తగారి స్నేహితురాలెవరో ఫోన్లో తన మనవడి ఫోటోలు చూపించింది. ఈమధ్య ఇదొక వేలంవెర్రి. బిడ్డ బొడ్డు ఊడిందో లేదో, ఇంటికి ఫోటోగ్రాఫర్‌ని పిలవాలి. బిడ్డని బుట్టలో పడుకోబెట్టాలి, గూట్లో ఒదిగించాలి, గడ్డం కింద చేతులు పెట్టించి ఏదో లోకం గురించి ఆలోచిస్తున్నట్టు తీయించాలి. నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. పుట్టి పక్షం కాని కొడుక్కి అద్దాల్లేని కళ్లజోడు కావాలని ఒకాయన మా కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడే నాకు ఈ వ్యవహారం మీద గౌరవం పోయింది. పిల్లాడికి పుస్తకం కూడా పట్టిస్తారట, ప్రొఫెసర్‌లా ఉంటాడట. తల నిలబడని ప్రొఫెసర్!

మా ఇంటికొచ్చినావిడ ఒక్కతే వచ్చింది గానీ, ఆ సామాను చూస్తే కాపురం పెట్టడానికి వచ్చిందనుకున్నాను. బుట్టలు, దిండ్లు, ఉన్ని గుడ్డలు, రకరకాల టోపీలు, గోడకి కట్టే తెర, ఒక హీటర్. వస్తూనే టీపాయ్‌ని వంటింట్లోకి తోయించింది, సోఫాని మూలకి జరిపించింది, కిటికీ తెరలు తీయించింది. మా ఆయన కిక్కురుమనకుండా అన్నీ మోశాడు. నేను బకెట్ జరపమంటే నడుం పట్టేసే మనిషి. ఆవిడ మాటకి ముందు ఒక ష్‌ష్‌, మాట తర్వాత ఒక ష్‌ష్‌. బిడ్డలు కడుపులో ఉన్నప్పుడు వినే చప్పుడు అదేనట, అది వింటే నిద్రపోతారట. బిడ్డ సంగతేమోగానీ, మా మామగారు కుర్చీలోనే కునుకు తీశారు. నేను ఆవిడకి మనసులో ష్‌ష్‌ మేడమ్ అని పేరు పెట్టుకున్నాను.

"అమ్మ వాసన తగిలితే బేబీ పాల కోసం వెతుక్కుంటుంది మేడమ్. మీరు కాసేపు వేరే రూమ్‌లో ఉండండి, ష్‌ష్‌" అంది.

సరే, ఆపరేషన్ కుట్లు లాగుతుంటే గోడ పట్టుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నాను. బుట్టలో పెట్టగానే బుడ్డది గుక్కపట్టింది. దాని ఏడుపు వినబడగానే నాకు పాలు పొంగి నైటీ తడిసిపోయింది. పిలిచారు, వెళ్లి పాలిచ్చాను, పడుకుంది. బుట్టలో పెట్టారు, లేచింది. మళ్లీ నన్ను పిలిచారు. ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టే ఓపిక కూడా లేదు. హీటర్ వేడికి హాలు పొయ్యి మీద గిన్నెలా తయారైంది. ష్‌ష్‌ మేడమ్ మొహంలో నవ్వు జారిపోతోంది. మా అత్తగారు మాత్రం "ఒడి అలవాటు చేశావమ్మాయ్, అందుకే ఇలా" అని తీర్పు చెప్పారు. పుట్టి రెండు వారాలు కాలేదు, అప్పుడే ఒడి దురలవాటు అయిపోయింది.

చివరికి ష్‌ష్‌ మేడమ్‌కి ఉపాయం తట్టింది. "మీరే దిండైపోండి మేడమ్."

అర్థం కాలేదు. విడమరిచి చెప్పింది. నేను నేలమీద సోఫాకి ఆనుకుని, మోకాళ్లు కాస్త పైకెత్తి కూర్చోవాలి. నా మీద తల దగ్గర్నుంచి పాదాల దాకా మీగడ రంగు గుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ మీద, నా తొడల మధ్య పల్లంలో, బిడ్డని పడుకోబెడతారు. బిడ్డకి నా వెచ్చదనం తెలుస్తుంది, చూసేవాళ్లకి నేను తెలియను.

"తల కూడానా?" అన్నాను.

"మీ నైటీ పువ్వుల రంగు బేబీ మొహం మీద పడుతోంది మేడమ్" అంది.

కూర్చున్నాను. బుడ్డది నా మీద పడగానే, ఒక నిట్టూర్పు విడిచి, ఆ ష్‌ష్‌లేవీ లేకుండానే నిద్రపోయింది. గుడ్డ కింద ఊపిరి ఆడటం లేదు. చెమట కళ్లలోకి కారుతోంది. కాళ్లు తిమ్మిరెక్కి, అవి నావో కావో కూడా తెలియకుండా పోయింది. కెమెరా టకటకమంటోంది. "వావ్" అంటోంది మేడమ్. "ఎంత ముద్దుగా ఉందో!" అంటున్నారు అత్తగారు. అప్పుడే గొంతు తగ్గించి అడిగారు, నాకు వినబడదనుకుని. గుడ్డ కప్పితే చెవులు కూడా మూసుకుపోతాయని ఆవిడ ఉద్దేశం.

"ఆ మచ్చ తీసేస్తారు కదమ్మా?"

"అదెంతసేపండీ, ఒక్క నిమిషం పని. స్కిన్ మొత్తం పాలమీగడలా చేసేస్తాను."

"తీయొద్దు" అన్నాను.

కెమెరా టకటక ఆగిపోయింది. దిండు మాట్లాడితే ఎవరికైనా అలాగే ఉంటుంది మరి.

"ఆ మచ్చ తీయొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచండి" అన్నాను మళ్లీ.

"మేడమ్, ప్లీజ్, కదలకండి. ష్‌ష్‌" అంది ఆవిడ. మా ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. దగ్గాడు. అదొక్కటే ఆయన ఇచ్చిన వాంగ్మూలం.

నాకు ఒళ్లు మండిపోయింది. దానికి కారణం మచ్చ ఒక్కటే కాదు. ఫోన్లో నా దగ్గర దాని ఫోటోలు బోలెడున్నాయి, మచ్చతో సహా. కానీ ఫోన్లో ఉన్నది ఎవరు చూస్తారు? గోడ మీద ఉన్నదే ఇంటి మాట. రేపు అది నడక నేర్చుకుని, ఆ గోడ కింద నిలబడి తలెత్తి చూస్తుంది. తర్వాత అద్దంలో చూసుకుంటుంది. రెండింటికీ తేడా ఏంటో దానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తను ఎలా పుట్టి ఉంటే ఈ ఇంటికి నచ్చేదో ఆ గోడే చెప్తుంది. నాకు ఉన్న భయమల్లా అదే. అది ఆ ఒక్క సంగతి అలా తెలుసుకోకూడదు.

ఆ తర్వాత కుటుంబం ఫోటోలు. తండ్రి రెండు చేతుల్లో బిడ్డ. తాతగారి వేలు పట్టుకున్న బిడ్డ. నానమ్మ భుజం మీద బిడ్డ, టోపీతో. నా వంతు వచ్చేసరికి ష్‌ష్‌ మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, "కొంచెం అలిసిపోయినట్టున్నారు మేడమ్, మొహం కడుక్కుని రండి" అంది. అలిసిపోకుండా ఎలా ఉంటాను, అంతసేపూ నాకు ఆవిరి పట్టించింది ఈవిడే కదా! మొహం కడుక్కుని వచ్చేసరికి వెలుతురు తగ్గిపోయిందని బుట్టలు సర్దేసుకుంటోంది. అలా ఆ ఇంట్లో అందరూ ఫోటోలో పడ్డారు, బిడ్డని కన్నది తప్ప.

కొన్నాళ్లకి పార్సెల్ వచ్చింది. మా ఆయన అట్టపెట్టె విప్పి ఫ్రేమ్‌ని సోఫాకి ఆనించి నిలబెట్టాడు. అత్తగారు రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకున్నారు. మామగారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగారు. ఆ కళ్లజోడు నేనే ఇప్పించాను, మా షాపులోనే, చూపు పరీక్ష చేయించి మరీ. కాబట్టి తప్పు కళ్లద్దాలది కాదు.

"అబ్బ! నా ముక్కు!" అన్నారు.

"నవ్వు మాత్రం మా నాన్నది" అన్నారు అత్తగారు.

"నుదురు నాది" అన్నాడు మా ఆయన. టోపీ ముప్పావు వంతు కప్పేసిన నుదురు అది.

నేను చూశాను. ఒక్క చూపు చాలింది. "ఇది మన బుడ్డది కాదు" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. తర్వాత ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. బాలింత ఉన్న ఇంట్లో ఆ చూపు గది గదికీ తిరుగుతూ ఉంటుంది.

"మచ్చ లేదని అలా అనిపిస్తోంది" అన్నాడు మా ఆయన మెల్లగా.

"మచ్చ సంగతి వదిలేయండి. ఆ రోజు అది పడుకున్నది నా కాళ్ల మీద. ఈ ఫోటో చూడండి. ఇది దిండు. బోర్లా తిప్పినా దిండే. అంచుకి కుట్టు కూడా కనిపిస్తోంది. నా మోకాళ్లేవి ఇందులో?"

"నువ్వు గుడ్డ కింద ఉన్నావమ్మాయ్. నీకేం కనిపించింది?" అన్నారు అత్తగారు. "పైనుంచి చూసినవాళ్లం మేం కదా!"

మా ఆయన వంగి చూశాడు, నిటారుగా నిలబడి చూశాడు. చివరికి, "ఎడిటింగ్‌లో తీసేసి ఉంటారు. మచ్చ తీసేసినట్టే నీ మోకాళ్లు కూడా" అన్నాడు.

ఆ మాట అన్నాక తానేమన్నాడో తనకే తెలిసినట్టుంది, తల దించుకున్నాడు. నేను ఉయ్యాల దగ్గరికి వెళ్లి బుడ్డదాన్ని తెచ్చి, టోపీ తీసి, ఫ్రేమ్ పక్కన పట్టుకున్నాను. "పోల్చండి. ఆ బుగ్గలేంటి, దీని బుగ్గలేంటి? ఆ పెదవులు చూడండి" అన్నాను. అత్తగారు వచ్చి, "పసిపిల్లలు రోజుకో రకంగా ఉంటారు. గాలి తగులుతుంది" అని టోపీ పెట్టేశారు. మామగారు మాత్రం బిడ్డ ముక్కూ ఫోటోలో ముక్కూ మార్చి మార్చి చూసి, ఫోటోలోదే నిజమని నిర్ణయించుకున్నట్టున్నారు, మళ్లీ అటే తిరిగారు.

"నిద్ర చాలడం లేదు నీకు. కాసేపు పడుకో" అన్నాడు మా ఆయన. మేకు కొట్టడానికి సుత్తి వెతుక్కుంటూ వెళ్లాడు.

ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. నిజంగానే నా బుర్ర పనిచేయడం లేదేమో. ముగ్గురు మనుషులు ముగ్గురి పోలికలు చూస్తున్నారంటే, నాదే పొరపాటేమో. పడుకున్నాను కూడా. లేచి చూస్తే అదే ఫోటో, అదే పరాయి బిడ్డ, ఈసారి గోడ మీద. వారం పాటు ఇంటికొచ్చినవాళ్లంతా అందులో తాతగారి ముక్కు చూశాక, ఇక ఉండబట్టలేక ష్‌ష్‌ మేడమ్‌కి ఫోన్ చేశాను, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి.

ఆవిడ కంప్యూటర్‌లో వెతుక్కుంది. కాసేపు ష్‌ష్‌ కూడా లేదు. తర్వాత "అయ్యో మేడమ్" అంది. అదే వారంలో ఇంకో ఇంట్లో తీసిందట. అదే టోపీ, అదే గుడ్డ, అదే మీగడ చర్మం. ప్రింట్లు వచ్చాక అడ్రస్‌లు అంటించేటప్పుడు తారుమారయ్యాయట.

"అయితే మా గోడ మీద ఉన్నది ఎవరండీ?"

"వేరేవాళ్ల బాబు మేడమ్."

"బాబా!" అన్నారు మా మామగారు. ఆయన చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. నేను పగలబడి నవ్వి ఉండేదాన్ని, కుట్లు లేకపోతే.

ష్‌ష్‌ మేడమ్ ఇంకా అయిపోలేదు. "ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి మేడమ్. వాళ్లింట్లో ఎవరూ గమనించలేదు. చాలా బాగుందని మెసేజ్ కూడా పెట్టారు. మీ ఇంట్లో కూడా అందరికీ నచ్చింది కదా. మీకు అభ్యంతరం లేకపోతే, ఇప్పుడు అవి దింపి, ఇవి ఎక్కించి, ఇదంతా ఎందుకు అని..."

నన్ను నిజంగా కూలదోసింది ఆవిడ కాదు. మా అత్తగారు గోడ వైపు చూస్తూ, ఆలోచిస్తూ అన్న మాట.

"ఎవరికి తెలుస్తుందిలే. నిండుగా ఉంది మొహం. ఉంటే ఉండనీ."

"అత్తయ్యగారూ, మీ మనవరాలు ఇదిగో, ఇక్కడుంది. మీ ఇంట్లోనే ఉంది. మీరు దాని మొహం ఎప్పుడైనా టోపీ లేకుండా ఒక్కసారి చూశారా? చూసుంటే ఊరివాళ్ల బిడ్డకి పోలికలు వెతుక్కుంటూ కూర్చునేవాళ్లా? ముగ్గురున్నారు. ముగ్గురూ కలిసి ఒక్క బిడ్డని గుర్తుపట్టలేకపోయారు" అన్నాను. గొంతు పెద్దదైంది. బుడ్డది ఉలిక్కిపడి లేచింది. "మచ్చ లేకుండా ఉంటే చాలు, ఎవరి బిడ్డయినా ఫర్వాలేదా మీకు?"

ఫోన్లో ష్‌ష్‌ మేడమ్ ఇంకా లైన్లోనే ఉంది. ఆవిడతో, మచ్చ తీయని ఫోటో ఇవ్వండి అన్నాను. "ఎడిట్ చేయనివి మేం బయటికి ఇవ్వం మేడమ్, మా పేరు పోతుంది" అంది. మచ్చ ఉన్న బిడ్డని ఇస్తే పోయే పేరు, వేరేవాళ్ల బిడ్డని ఇచ్చినా చెక్కుచెదరలేదు. అయితే ఆ ఇంకో తల్లి నంబర్ ఇవ్వండి అన్నాను. తటపటాయించింది. ఇవ్వకపోతే మీ గుమ్మం ముందు బిడ్డతో సహా కూర్చుంటానన్నాను. కూర్చునేదాన్నే. కూర్చోవడంలో ఆవిడే నాకు శిక్షణ ఇచ్చింది కదా.

ఆ తల్లి ఫోన్ ఎత్తింది. గొంతు చాలా సన్నగా ఉంది, బిడ్డ పక్కన పడుకున్నప్పుడు మాట్లాడే గొంతు. నేను ఎవరో, ఎందుకు చేశానో చెప్పాను.

"ఫోటో వచ్చిన రోజే నాకు తెలుసండీ" అంది.

"తెలుసా?"

"మావాడికి గడ్డం మీద సొట్ట ఉంటుంది. ఇందులో లేదు. చెప్తే, ఎడిటింగ్‌లో పోయి ఉంటుంది అన్నారు. గట్టిగా చెప్తే, నిద్ర లేక అలా అనిపిస్తోంది, కాసేపు పడుకో అన్నారు."

అవే మాటలు. ఇంటింటికీ ఎవరో వెళ్లి నేర్పించి వచ్చినట్టు.

"ఒకటి అడగొచ్చా అండీ?" అంది. "ఈ ఫోటోలో పాప కింద ఉన్నది దిండు కాదు కదా? ఎవరో కూర్చున్నారు కదా?"

"నేనే."

"అనుకున్నాను. గుడ్డ కింద మోకాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. మావాళ్లకి చూపిస్తే ముడతలు అన్నారు. నేను రోజూ దాని ఎదురుగా కూర్చునే వీడికి పాలిస్తాను. పాపం, ఎవరో ఆవిడకి కాళ్లు ఎంత తిమ్మిరెక్కి ఉంటాయో అనుకుంటూ ఉంటాను."

నేను ఏడ్చేశాను. ఇంతమంది మధ్య ఇన్నాళ్లూ రాని ఏడుపు, మొహం కూడా తెలియని మనిషి అడిగిన ఆ ఒక్క మాటకి వచ్చింది. ఆవిడ ఫోన్ పెట్టేయలేదు, ఊరుకోమని కూడా అనలేదు. ఏడుపు అయ్యేదాకా అలాగే ఉంది.

రెండో రోజు ఫ్రేమ్‌ని దుప్పట్లో చుట్టుకుని, బాబుని గుండెకి కట్టుకుని, ఆవిడే మా ఇంటికి వచ్చింది. బాబుకి టోపీ లేదు. "టోపీ పెట్టలేదేం?" అన్నారు అత్తగారు. "ఎండగా ఉంది కదండీ" అంది ఆవిడ. మామగారు ఏదో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ తిరిగి, బాబు ముక్కుని దొంగచూపు చూసి వెళ్లారు. నేను మా బుడ్డదాన్ని ఆవిడ చేతికిచ్చాను. నేను ఇచ్చీ ఇవ్వగానే ఆవిడ టోపీ వెనక్కి తోసింది, మొహం చూడటానికి టోపీ అడ్డమైతే ఎవరైనా చేసేట్టు.

"ఓ, ఇక్కడ మచ్చ ఉందా! ఫోటోలో లేదే" అంది.

"తీసేశారు" అన్నాను.

"ఎందుకు?" అంది.

వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. మా అత్తగారు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చి లేచారు. మా ఆయన కిటికీలోంచి వీధిని చాలా శ్రద్ధగా చూశాడు.

ఆవిడ తన బాబు ఫోటో తీసుకుని వెళ్లింది. మా బుడ్డదాని ఫోటో గోడ ఎక్కింది. మా ఆయనే ఎక్కించాడు, ఎవరూ అడగకుండానే. నిజంగా అది మా బుడ్డదే. కింద గుడ్డలో రెండు గుట్టలు, నా మోకాళ్లు. నుదుటి మీద టోపీ కాస్త పైకి జరిగి ఉంది, మచ్చ ఉండాల్సిన చోట తెల్లగా, నున్నగా, ఏమీ లేదు.

నేను కాసేపు చూశాను. బెడ్‌రూమ్‌లోకి వెళ్లి లిప్‌స్టిక్ తెచ్చాను. షాపుకి వెళ్లేటప్పుడు వేసుకునేది, నెలలుగా మూత తీయనిది. సోఫా ఎక్కాను. ఫ్రేమ్ అద్దం మీద, ఎడమ కనుబొమ్మ పైనుంచి టోపీ అంచుదాకా, బొటనవేలితో రంగు రాసి పైకి లాగాను. దిగి చూశాను. ఇప్పుడు నా కూతురు.

మర్నాటికి తుడిచేసి ఉంది. ఎవరు తుడిచారో అడగలేదు. మళ్లీ రాశాను. మళ్లీ పోయింది. మళ్లీ రాశాను. మా అత్తగారూ నేనూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. పాలు కాగాయా, బట్టలు ఆరాయా అని మాత్రం ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నాం. అద్దం మాత్రం ఆ ఇంట్లో అన్నిటికంటే శుభ్రంగా ఉండేది.

ఒకరోజు నేను పాలిచ్చి హాల్లోకి వచ్చేసరికి మచ్చ అప్పటికే ఉంది. నేను రాయలేదు. మా ఆయన సోఫా పక్కన నిలబడి, వేలు చొక్కాకి తుడుచుకుంటున్నాడు. చొక్కా మీద ఎర్రటి చార. నన్ను చూసి, మెచ్చుకుంటానేమో అన్నట్టు నిలబడ్డాడు.

నా గుండె ఒక్కసారి కరిగిన మాట నిజమే. తర్వాత ఫోటో వైపు చూశాను.

"ఏ వైపు రాశారు?" అన్నాను.

"ఎడమ వైపే కదా" అన్నాడు ధీమాగా.

తన ఎడమ చేతి వైపు రాశాడు. అంటే బిడ్డకి కుడి కనుబొమ్మ మీద. ఎడమ అన్న మాట నా నోట విని విని కంఠస్థం చేశాడు గానీ, ఆ మచ్చ ఎక్కడుందో కళ్లతో చూసి ఎరగడు. నేను ఒక్క మాట కూడా తిట్టలేదు. బుడ్డదాన్ని ఆయన ఒడిలో పెట్టి, టోపీ చూపించాను.

"తీసి చూడండి. చూసి రాయండి."

ఆయన సోఫాలో కూర్చున్నాడు. టోపీ తీశాడు, కాస్త భయంగా, అదేదో ఊడిపోతుందన్నట్టు. బుడ్డది కళ్లు తెరిచి ఆయన్నే చూసింది. ఏడుపు ఆలోచనలో ఉన్నట్టుంది, మచ్చ మెల్లగా ఎర్రబడుతోంది. ఆయన ఇంకా దగ్గరికి వంగాడు. వంటింటి గుమ్మంలో అత్తగారు చేతిలో గరిటెతో నిలబడిపోయారు. ఎవరూ గాలి తగులుతుందనలేదు.

చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి, తడిగుడ్డ ఎక్కడుంది అని అడిగాడు. ఎక్కడుందో చెప్పాను, వెళ్లి తెచ్చుకోమన్నాను.